మేకుల మీద సుద్దగీతలు

ముప్పై ఏళ్ళ కాపురంలో గోడకు ఒక్క మేకు సరిగ్గా దిగ్గొట్టని మగాడు, ఆదివారం పొద్దున కాఫీ గ్లాసు కింద పెట్టి, "పెరడంతా చదును చేసి కొత్త గడ్డి పరుస్తాను. అంతా నేనే చేస్తాను, కూలీల్ని పిలిచేది లేదు" అన్నాడంటే ఏ పెళ్ళానికైనా అనుమానం వస్తుందా, రాదా? టైలరమ్మకు వచ్చింది. పళ్ళ మధ్య పట్టుకున్న గుండుసూది తీసి మొగుణ్ణి కింది నుంచి పైదాకా చూసింది.

"పెరడు మిమ్మల్ని ఏం చేసింది?"

"ఎగుడుదిగుడుగా ఉంది."

"ఇరవై రెండేళ్ళుగా ఎగుడుదిగుడుగానే ఉంది. ఇవాళ కనబడిందా?"

"ఇవాళ కనబడింది" అని ఆయన లేచి, గోడ పట్టుకుని వెనక తలుపు వైపు వెళ్ళిపోయాడు.

వీధిలో అందరికీ ఆమె టైలరమ్మ, ఆయన డ్రైవరు గారు. ఇరవై ఎనిమిదేళ్ళు సిటీ బస్సు నడిపాడు. రిటైరుమెంటుకు ఇంకా రెండేళ్ళుండగా, ఆర్నెల్ల కిందట ఓ మధ్యాహ్నం ఇంటికొచ్చి, ఖాకీ చొక్కా కొక్కానికి తగిలించి, "ఇక నడపను" అన్నాడు. ఎందుకండీ అంటే విసుగొచ్చింది అన్నాడు. ఆ బస్సును కన్నబిడ్డలా చూసుకున్న మనిషికి ఒక్క మధ్యాహ్నంలో విసుగొచ్చిందట! టైలరమ్మ ఆ మాటను అప్పుడే మింగలేదు. అది ఇంకా ఆమె గొంతులోనే ఉంది.

గడ్డి మాట వినగానే ఆమెకు ముందు తన కుట్టుగది గుర్తొచ్చింది. పెరటి చివర, వెనక తలుపుకు ముప్పై అడుగుల దూరంలో ఉందది. రేకుల కప్పు, ఒక కిటికీ, ఒక మిషను, గుడ్డలు పరిచి కోసుకోవడానికి ఒక పెద్ద బల్ల. అత్తగారు మంచాన పడ్డ నాలుగేళ్ళూ టైలరమ్మ మిషను మీద దుప్పటి కప్పేసి ఆవిడకు సేవ చేసింది. బట్టలిచ్చేవాళ్ళంతా ఒక్కొక్కరే వేరే చోట్లు వెతుక్కున్నారు. అత్తగారు పోయాక, డ్రైవరే తాపీమేస్త్రీని తెచ్చి ఆ గది కట్టించాడు. రెండేళ్ళకు ఇప్పుడిప్పుడే పాత వాళ్ళు మళ్ళీ వస్తున్నారు, బల్ల మీద గుడ్డలు పేరుకుంటున్నాయి. ఆ గది పోతే యాభై ఆరేళ్ళ వయసులో మళ్ళీ ఎక్కడ మొదలుపెడుతుంది? ఎవరి వసారాలో మిషను వేసుకుంటుంది? అదీ ఆమె భయం.

గది ఎందుకు పోతుందీ అంటారా? పోతుందనే ఆమె లెక్క. ఆ లెక్కకు తర్వాత పక్కింటి పంతులమ్మ సాయం కూడా తోడైంది.

సోమవారం నుంచి డ్రైవరు పార పట్టాడు. పాత గడ్డినంతా వేళ్ళతో సహా చెక్కేసి ఓ మూలకు కుప్ప పోశాడు. రాళ్ళు ఏరాడు. మట్టి జల్లించాడు, ఇసుక కలిపాడు. నాలుగు పారలు ఎత్తి పది నిమిషాలు కూచునేవాడు. పనిమాలిన కష్టమని చూసేవాళ్ళకు తెలుస్తూనే ఉంది. అయినా, "కూలీ ఒకణ్ణి పిలవనా?" అంటే మాత్రం కయ్యిమని లేచేవాడు. బుధవారం నాడు వెనక తలుపు దగ్గరున్న రెండు మెట్లూ సమ్మెటతో పగలగొట్టాడు. ఆ ముక్కల్నే అడుగున పరిచి, పైన మట్టి పోసి, గుమ్మంలోంచి అడుగు బయట పెడితే జారుతూ నేలలో కలిసిపోయేట్టు వాలు చేశాడు. కుట్టుగది ముందున్న రాతిమెట్టు కూడా పెకలించాడు.

"మెట్లేం పాపం చేశాయండీ?"

"అడ్డం."

"ఎవరికి?"

"చూడ్డానికి బాగోలేదు" అన్నాడాయన, ఆమె వైపు చూడకుండా.

చూడ్డానికట! ఎవరు చూడ్డానికి? గోడ మీదుగా ఇదంతా గమనిస్తున్న పక్కింటి పంతులమ్మ ఆ సాయంత్రం జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చింది. ఆవిడ చెప్పకుండా ఉండలేదు, చెబితే పూర్తిగా చెప్పకుండా పోలేదు.

"నేనన్నానని అనుకోకు. మా ఎదురింటి వాళ్ళు కూడా ఇంతే చేశారు. వెనకంతా చదును చేసి పచ్చగా గడ్డి వేయించారు. అబ్బ, ఎంత బాగుందో అనుకున్నాం. నెల తిరక్కుండా ఇల్లు అమ్మేసుకుని పోయారు. కొనేవాడికి పచ్చగా కనబడితే ఇంకేం అడగడుట."

టైలరమ్మ చేతిలో టేపు ఆగిపోయింది. ఛాతీ కొలత రెండుసార్లు తప్పు రాసుకుంది.

"మీ మరిది కూడా వస్తున్నాడు కదా ఈ మధ్య?" అంది పంతులమ్మ, పోతూ పోతూ, గుమ్మంలో నిలబడి.

వస్తున్నాడు మరి. డ్రైవరు గారి తమ్ముడు ఇళ్ళ బ్రోకరు. జేబులో ఎప్పుడూ కొలిచే టేపు ఉంటుంది కాబట్టి టైలరమ్మ అతన్ని చాటుగా టేపు మరిది అంటుంది. ఇంతకుముందు ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు. ఇప్పుడు వారానికి రెండుసార్లు వస్తున్నాడు. వచ్చినవాడు వచ్చినట్టు కూచోడు. మొన్నటికి మొన్న ఆమె బజారు నుంచి వచ్చేసరికి వెనక తలుపు దగ్గర వంగి వెడల్పు కొలుస్తున్నాడు. ఆమెను చూడగానే టేపు చటుక్కున చుట్టేసి జేబులో వేసుకున్నాడు.

"ఏంటి మరిదీ, మా తలుపు కొలుస్తున్నావు?"

"ఊరికే వదినా. అలవాటు. ఎక్కడ తలుపు కనబడితే అక్కడ కొలిచేస్తాను."

"ముందు తలుపు కూడా ఉంది. అది కొలవవా?"

మరిది నవ్వాడు. ఆ నవ్వులో పస లేదు. కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. కాఫీ వద్దనడం ఆ మనిషి చరిత్రలో లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. చెప్పాలంటే ఆమెకే సిగ్గు. ఈ రెండు నెలల్లో డ్రైవరు రెండుసార్లు ఒంటి చెప్పుతో ఇంటికొచ్చాడు. కుడి కాలికి చెప్పు లేదు. ఎక్కడండీ అంటే, ఎక్కడో జారిపోయింది చూసుకోలేదు అన్నాడు. చెప్పు జారిపోతే చూసుకోని మనిషి ఉంటాడా? ఎవరింట్లోంచో కంగారుగా బయటపడ్డవాడికే ఒక చెప్పు మిగిలిపోతుంది. ఎవరింట్లోంచి? కాగితాలు రాసేవాడింట్లోంచా, కొనేవాడింట్లోంచా? ఇంకెవరి ఇంట్లోంచైనానా అని కూడా ఒక పూట అనుకుంది. అనుకుని, బట్టతలా బానపొట్టా గుర్తుచేసుకుని, ఆ మాట కొట్టిపారేసింది.

శుక్రవారం మధ్యాహ్నం ఇంక అనుమానం అనడానికి లేకుండా పోయింది. కుట్టుగదిలో మిషను ఆపి దారం ఎక్కిస్తోంది. కిటికీ అవతల, మట్టికుప్ప మీద కూచుని ఆయన ఫోనులో మాట్లాడుతున్నాడు. మిషను ఆగిందని ఆయనకు తెలియలేదు.

"ఆవిడకు ఇప్పుడే చెప్పకురా తమ్ముడూ. గోల చేస్తుంది. గడ్డి పరిచేశాక, అంతా అయ్యాక, నేనే చెబుతాను. అప్పుడు కాదనడానికేం ఉండదు."

టైలరమ్మ సూదిలో దారం ఎక్కించబోయి వేలికి గుచ్చుకుంది. ముప్పై ఏళ్ళు! ఈ మనిషి బనియన్లతో సహా కుట్టిపెట్టింది. ఆయన తల్లికి నాలుగేళ్ళు మంచం దగ్గర పడిగాపులు కాసింది. ఇల్లమ్ముకునే మాట ఈమెకు చెప్పడానికి మాత్రం నోరు రాలేదు! ఏడుపొచ్చింది, అంతకంటే ఎక్కువ ఒళ్ళు మండింది. బయటికెళ్ళి కాలరు పట్టుకుని అడిగేద్దామా అనుకుంది. అడిగితే ఏమంటాడు? ఊరికే అంటాడు. చూడ్డానికి బాగోలేదంటాడు. ఆయన అబద్ధం చెబుతుంటే నిలబడి వినే ఓపిక ఆమెకు లేకపోయింది. అందుకని అడగలేదు. అడగకపోవడమే ఆమె చేసిన మొదటి తప్పు.

రెండో తప్పుకు శనివారం దాకా పట్టింది.

శనివారం పొద్దున్నే డ్రైవరు కుట్టుగది గుమ్మంలో నిలబడి, "నీ సుద్దబిళ్ళ ఒకటి ఇస్తావా? ఆ నీలం రంగుది" అని అడిగాడు. గుడ్డ మీద గీతలు గీసుకునే సుద్దబిళ్ళ అది. తీసిచ్చింది. ఇచ్చి, కిటికీలోంచి చూస్తూ కూచుంది.

పెరట్లో పన్నెండు కర్రమేకులు పాతాడు. ఒక సన్నటి పారదర్శకపు గొట్టంలో నీళ్ళు నింపాడు. ఆ గొట్టం ఒక కొస ఎక్కడ పెట్టినా, రెండో కొసలో నీళ్ళు సరిగ్గా అంతే ఎత్తున నిలుస్తాయి. తాపీ పనివాళ్ళు మట్టం చూసుకునేది దాంతోనే. మామూలుగా ఇద్దరు చేసే పని. ఒకరు ఆ కొస పట్టుకోవాలి, ఒకరు ఈ కొస దగ్గర గీత పెట్టాలి. ఆయన ఆమెను పిలవలేదు. అవతలి కొసను తాడుతో మేకుకు కట్టేసి, ఇటొచ్చి నీళ్ళు చూసుకుని, సుద్దతో గీత పెట్టి, మళ్ళీ అటెళ్ళి విప్పుకుని, మళ్ళీ ఇంకో మేకుకు కట్టుకుని, ఒక్కడే పన్నెండు మేకులకీ పన్నెండు గీతలు పెట్టేసరికి మూడు గంటలు పట్టింది. వెనక తలుపు నుంచి కుట్టుగది దాకా ఒకే మట్టం. కుడి గోడ వైపు మాత్రం కొంచెం వాలు, నీళ్ళు తూములోకి పోవడానికి. ఆ గీతల దాకా మట్టి నింపితే చాలు, నేల దానంతటదే చదునవుతుంది.

నన్ను ఒక కొస పట్టుకోమనడానికి కూడా మనసొప్పలేదు, అనుకుంది టైలరమ్మ. పరాయిదాన్నైపోయాను.

భోజనం చేసి ఆయన కునుకు తీస్తుంటే ఆమె తడిగుడ్డ పట్టుకుని పెరట్లోకి వచ్చింది. పని మొదట్లోనే కత్తిరింపు ఓ వేలెడు పక్కకు పోతే, ఎంత బాగా కుట్టినా చొక్కా ఒక పక్కకు లాగేస్తుంది. ఆ సంగతి ఆమెకు తెలిసినంత బాగా ఎవరికి తెలుసు? తూము దగ్గర మూడు మేకుల మీద గీతలు తుడిచేసి, తన దగ్గరున్న ఇంకో నీలం సుద్దబిళ్ళతో రెండు వేళ్ళు పైకి గీసింది. కుట్టుగది ముందు రెండు మేకుల మీద రెండు వేళ్ళు కిందికి గీసింది. ఒక చూపు, ఒక గీత. ఎన్నో ఏళ్ళ అలవాటు మీద చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. మొదటి వాన పడగానే నీళ్ళు తూములోకి పోకుండా వచ్చి ఇక్కడ నిలబడతాయి. కొనేవాడు ఆ బురదలో కాలు పెట్టి, మళ్ళీ ఈ వీధి మొహం చూడడు. తన గది ముందే బురదవుతుందా? అవనీ. గుమ్మంలోంచి దూకుతుంది, అంతేగా! గది ఉంటే చాలు.

తుడిచిన గుడ్డ ఉతికి ఆరేసింది.

సాయంత్రం ఆయన లేచి పెరట్లోకి వెళ్ళాడు. మేకుల మధ్య నెమ్మదిగా తిరిగాడు. కుట్టుగది ముందున్న మేకు దగ్గర వంగి చాలాసేపు చూశాడు. కిటికీ వెనక నుంచి టైలరమ్మ చూస్తూనే ఉంది. పట్టేశాడు. ఇక అయిపోయింది, ఇప్పుడొచ్చి అడుగుతాడు. అడగనీ, ఆ ఇంటి మాట కూడా తేలిపోతుంది ఇవాళే.

ఆయన నిటారుగా నిలబడి కుట్టుగది కిటికీ వైపు చూశాడు. నవ్వాడు. చాలా రోజుల తర్వాత అలా నవ్వాడు. తర్వాత పార తీసుకుని గీతల దాకా మట్టి నింపడం మొదలుపెట్టాడు.

ఆ నవ్వేంటో ఆమెకు అంతుపట్టలేదు. అనుమానం ఇంకో మెట్టు ఎక్కింది.

మంగళవారం గడ్డి వచ్చింది. చాపల్లా చుట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చి, చిన్న లారీలో తెచ్చి దింపారు. అడుగున వేలెడు మందం మట్టి, పైన పొట్టి పచ్చగడ్డి. ఎండకు ఆగవు, ఆ రోజే పరిచేయాలి. డ్రైవరు మోకాళ్ళ మీద పాక్కుంటూ ఒక్కొక్క చాపా విప్పి పరిచాడు. గోడ కట్టేవాడు ఇటుకలు పేర్చినట్టు, ఒక వరస అతుకు పక్క వరస అతుకుకు ఎదురుగా రాకుండా జరిపాడు. అంచుకు అంచు తాకేలా చేత్తో నొక్కాడు. అతుకుల్లో మెత్తటి మట్టి కూరాడు. మూడు గంటలకు ఆయన మొహం పాలిపోయింది. చూసి చూసి టైలరమ్మకు ఉండబట్టలేదు. ఎంత కోపమున్నా కట్టుకున్న మనిషి కదా! వెళ్ళి రెండో పక్క నుంచి చాపలు విప్పడం మొదలుపెట్టింది.

"ఇక్కడ అతుకు సందు కనబడుతోంది. ఇటు లాగండి" అంది ముక్తసరిగా.

"నువ్వు చెప్పాలి మరి. అతుకుల సంగతి నాకేం తెలుసు" అన్నాడాయన, సంతోషంగా.

ఆ సంతోషం చూసి ఆమె మనసు చివుక్కుమంది. ఇంతలోనే, అమ్మబోయే ఇంటికి అతుకులు సరిచేస్తున్నాను చూడు, ఎంత తెలివితక్కువదాన్ని, అని తనను తనే తిట్టుకుంది. తూము వైపు మాత్రం చూడలేదు.

తర్వాత రోజూ రెండు పూటలా నీళ్ళు చల్లాడు. రెండు వారాలు ఎవరూ తొక్కొద్దన్నాడు. కుట్టుగదికి వెళ్ళడానికి ఎడమ గోడ పక్కన చెక్కలు పరిచాడు. పదో రోజున ఒక చాప మూల పట్టుకుని పైకి లాగి చూసి, "రావడం లేదు! వేళ్ళు దిగాయి!" అని పెద్దగా అరిచాడు. పంతులమ్మ కూడా గోడ మీదుగా తొంగి చూసింది.

పన్నెండో రోజు మధ్యాహ్నం వాన మొదలై, మర్నాడు పొద్దుటికి గానీ తెరిపివ్వలేదు. టైలరమ్మ చెక్కల మీదుగా గదికెళ్ళి కిటికీ తీసింది. తను గీసిన గీతలు మాట తప్పలేదు. కుట్టుగది ముందు మంచమంత మేర నీళ్ళు నిలిచాయి. గడ్డి కొసలు మాత్రం పైకి కనబడుతున్నాయి. ఆమెకు సంతోషం కలగాలి. కలగలేదు. ఆయన పాక్కుంటూ పరిచిన గడ్డి అది.

పది గంటలకు వెనక తలుపు తెరుచుకుంది. ముందు టేపు మరిది, వెనకాల ఒక కొత్త మనిషి. ఇస్త్రీ చొక్కా, చేతిలో చిన్న పుస్తకం. ఆ మనిషి తలుపు అటూ ఇటూ చూశాడు. చెయ్యి చాపి వెడల్పు చూశాడు. వాలు మీదుగా రెండడుగులు కిందికి దిగి, పెరడంతా కలియజూసి, "బాగుందండీ. చక్కగా చేశారు" అన్నాడు. వాళ్ళ వెనక నుంచి డ్రైవరు నవ్వుతూ బయటికొచ్చాడు.

ఇంక టైలరమ్మను ఆపడం ఎవరి వల్ల అవుతుంది? చేతిలో ఉన్న కత్తెర బల్ల మీద విసిరి, గుమ్మం దాటి, నీళ్ళలోకే దిగింది. చలికి పాదాలు జివ్వుమన్నాయి.

"రండి, రండి! ఇటు కూడా వచ్చి చూడండి!" అని కేకేసింది. "ఇక్కడ చెరువు కూడా ఉంది. దీంతో కలిపే కొంటున్నారా, వదిలేసి కొంటున్నారా? మమ్మల్ని ఎప్పుడు ఖాళీ చెయ్యమంటారు? అది కూడా గడ్డి పరిచాకే చెబుతారా?"

"వదినా!" అన్నాడు మరిది.

"నువ్వు మాట్లాడకు. తలుపులు కొలిచినప్పుడే అనుకున్నాను."

"ఏంటే ఇది? ఖాళీ ఏంటి?" అంటూ డ్రైవరు గబగబా గడ్డి మీదుగా ఆమె వైపు నడిచొచ్చాడు. వచ్చి, ఆమెకు ఎదురుగా, నీళ్ళలో నిలబడ్డాడు. "ఎవరు ఎవర్ని ఖాళీ చెయ్యమన్నారు?"

"ఆ పెద్దమనిషి ఎవరు మరి?"

ఆ పెద్దమనిషి పాపం కంగారుపడ్డాడు. "నేను వడ్రంగినమ్మా. తలుపు వెడల్పు చెయ్యాలంటే వచ్చాను. చక్రాల కుర్చీ పట్టాలంటే ఇంకో జానెడు కావాలి. ఈ గది తలుపు కూడా చూడమన్నారు."

"ఎవరికి చక్రాల కుర్చీ?"

మరిది తల దించుకున్నాడు. టైలరమ్మ చూపు కూడా కిందికి దిగింది. అప్పుడు కనబడింది. ఆయన కుడి కాలికి చెప్పు లేదు. అది వెనకాల, రెండు బారల దూరంలో, గడ్డిలో ఇరుక్కుని ఉంది.

"మీ చెప్పేదండీ?"

"ఏ చెప్పు?"

"కుడి కాలి చెప్పు."

ఆయన వంగి చూసుకున్నాడు. కాలికి చెప్పుందో లేదో కళ్ళతో చూస్తే తప్ప ఆయనకు తెలియలేదు.

"పాదం మునిగేదాకా నీళ్ళల్లో ఉన్నారు. చల్లగా లేదా?" అందామె.

"ఎడమ కాలికి తెలుస్తోంది" అన్నాడాయన.

మరిది ఏదో చెప్పబోతే, "నువ్వుండరా. నేనే చెబుతానన్నానుగా" అని డ్రైవరు ఆపాడు. మాట పొదుపు మనిషి. కష్టపడి ఒక్కొక్కటే బయటికి తీశాడు.

"ఆ రోజు నాలుగు రోడ్ల దగ్గర బ్రేకు తొక్కాను. తొక్కాననే అనుకున్నాను. కాలు బ్రేకు మీద లేదు. పక్కన ఉంది. నాకు తెలియలేదు. వెనకాల బస్సు నిండా జనం. హ్యాండ్ బ్రేకు లాగేశాను. ఎవరికీ ఏం కాలేదు. బస్సు డిపోలో పెట్టి వచ్చేశాను. డాక్టరు నరాలన్నాడు. ఇది పైకి పాకుతుందట. ఏడాదికో, రెండేళ్ళకో కుర్చీలో కూచోవాలట."

"ఆర్నెల్లు! ఆర్నెల్లు నాకు చెప్పకుండా మోశారా? నేనేమైనా పరాయిదాన్నా?"

"చెబితే నువ్వేం చేస్తావో నాకు తెలియదా? మిషను మీద దుప్పటి కప్పేస్తావు. అమ్మకు కప్పావు నాలుగేళ్ళు. నేను చూశానుగా. మళ్ళీ నా కోసం కప్పనివ్వను." ఆయన వెనక తలుపు వైపు చెయ్యి చూపించాడు. "మెట్లు లేకుండా, ఎక్కడా తట్టుకోకుండా ఉంటే, కుర్చీ తోసుకుంటూ నేనే నీ గదికి వస్తాను. నువ్వు మిషను తొక్కుకో. నేను పక్కన కూచుని బొత్తాలు కుడతాను. అంతా అయ్యాక చెబితే నువ్వు కాదనలేవు కదా అనుకున్నా."

టైలరమ్మ కాళ్ళ కింది నీళ్ళు చూసింది. ఈ మనిషి మీదా తను అంత విషం మనసులో పెట్టుకుంది! ఈ మనిషి దారిలోనా గొయ్యి చేసింది! కుర్చీ చక్రం సరిగ్గా దిగబడేది ఇక్కడే, తన గుమ్మం ముందే.

"ఈ నీళ్ళు ఇక్కడ నిలవాల్సినవి కాదండీ" అంది. ఏడుపు ఆగడం లేదు. "మీరు గీసింది సరిగ్గానే ఉంది. నేనే తుడిచేశాను. ఇల్లమ్ముతున్నారనుకుని ఐదు మేకుల మీద గీతలు నేనే మార్చాను. తిట్టండి నన్ను."

"తెలుసు" అన్నాడాయన.

"ఏం తెలుసు?"

"అవి నీ గీతలని తెలుసు. చివర అడ్డగీత ఉంది."

గుడ్డ మీద ఏ గీత గీసినా చివర చిన్న అడ్డగీత పెట్టడం ఆమె అలవాటు. పని నేర్పినావిడ దగ్గర్నుంచి వచ్చింది. రెండుసార్లు కొలిచాను, తప్పు లేదు, ఇక కొయ్యొచ్చు అని దానికి అర్థం. ఎప్పుడైనా ఆమెకు తీరికలేక కత్తెర ఆయన చేతికిస్తే, "అడ్డగీత ఉందా? ఉంటే కోసెయ్యండి" అనేది. ఆ రోజు మేకుల మీద కూడా, తనకే తెలియకుండా, చెయ్యి అడ్డగీత పెట్టేసింది.

"మరి తెలిసీ ఎందుకు నింపారు? గొట్టంలో నీళ్ళు వేరే చెప్పాయి కదా?"

"చెప్పాయి. కానీ నువ్వు కొలిచి పెట్టావనుకున్నా. నేను చేస్తున్నది నీకు తెలిసిపోయిందేమో, పైకి అనకుండా నా తప్పు సరిదిద్దావేమో అనుకున్నా. భలే సంతోషమేసింది. నీళ్ళు తప్పు చెబుతాయేమో గానీ, నీ అడ్డగీత ఎప్పుడైనా తప్పు చెప్పిందా?"

టైలరమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. ఆ నవ్వు ఇప్పుడు ఆమెకు అర్థమైంది.

మరిదీ వడ్రంగీ ఎటు చూడాలో తెలియక తలుపు కొలవడానికి వెళ్ళిపోయారు. గోడ అవతల పంతులమ్మ కూడా, జీవితంలో మొదటిసారి, ఏమీ అనకుండా లోపలికి పోయింది. టైలరమ్మ నీళ్ళలోంచి వెళ్ళి చెప్పు తెచ్చింది. ఆయన్ను కుట్టుగది గుమ్మంలో కూచోబెట్టి, చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని తను కింద కూచుని, ఆయన కాలు తన మోకాలి మీద పెట్టుకుని, చీర చెంగుతో తుడిచి, చెప్పు తొడిగింది. ఆ కాలికి తన చెయ్యి తెలియలేదని ఆమెకు తెలుసు. అందుకే ఇంకొంచెంసేపు తుడిచింది.

ఎండ వచ్చాక నీళ్ళు ముంతతో తోడిపోసింది. గది ముందున్న చాపలనీ తూము దగ్గరి చాపలనీ ఒక్కొక్కటే లేపింది. వేళ్ళు దిగిన గడ్డి కదా, చిరిగే గుడ్డలా చప్పుడు చేసింది. లేపిన ప్రతిసారీ ఆమె ప్రాణం ఉసూరుమంది. చెక్కల మీద జాగ్రత్తగా పరిచి తడిగుడ్డలు కప్పింది. అవే ఐదు చోట్ల మళ్ళీ మేకులు పాతింది. డ్రైవరును కుర్చీ వేసి వెనక గుమ్మంలో కూచోబెట్టి, గొట్టం ఒక కొస ఆయన చేతికిచ్చింది.

"కదపకండి."

"బ్రేకు వేసినట్టే కూచుంటాను" అన్నాడాయన. ఆమె కళ్ళెర్రజేసింది. అంతలోనే ఇద్దరికీ నవ్వొచ్చింది.

రెండో కొస దగ్గర నీళ్ళు అటూ ఇటూ ఊగి నిలబడ్డాయి. ఆమె తూము దగ్గరి మేకుకు కళ్ళు ఆనించి చూసింది. వాన చుక్క కాదు, కన్నీళ్ళే అడ్డొచ్చాయి, తుడుచుకుని మళ్ళీ చూసింది. ఒకసారి కొలిచింది. రెండోసారి కొలిచింది. నీలం సుద్దతో గీత గీసింది. చివర అడ్డగీత పెట్టబోయి ఆగిపోయింది.

"ఏమైంది?" అన్నాడాయన అక్కడ్నుంచి.

"మీరొకసారి వచ్చి చూసుకోండి. నేను సరిగ్గా పెట్టానో లేదో."

"నేను లేవను. అడ్డగీత పెట్టావా, లేదా?"

టైలరమ్మ అడ్డగీత పెట్టింది.

"పెట్టాను."

"అయితే ఇంకేం, మట్టి తియ్యి" అన్నాడాయన.